జపాన్ మాలుకు కట్టిన దట్టీ

తిరుమలగిరి దారిలో మెకానిక్ భిక్షపతి మారుతి కారు ఆగిపోయింది. వెనకే తన మారుతిలో వస్తున్న జాఫర్ దిగాడు. తన బండి బానెట్ ఎప్పుడూ ఈ మెకానిక్ దోస్తుకే వదిలేసేవాడు, ఇవాళ మాత్రం సాయం చేద్దామని భిక్షపతి బండి బానెట్ తానే ముందుగా ఎత్తాడు.

"జర ఆగు జాఫర్, నేను చూస్త!" అంటూ భిక్షపతి ఉరికొచ్చాడు.

అప్పటికే జాఫర్ చెయ్యి కార్బొరేటర్ మీద ఆగింది. దానికి ఆకుపచ్చ దట్టీ, అంటే పీర్లకు మొక్కి కట్టే గుడ్డ, పేలిక కట్టి ఉంది. పీర్ల పండుగనాడు జాఫర్ భార్య లాడ్లీ బేగం తమ కారు కార్బొరేటర్‌కు కట్టిన పేలిక అది.

"నా బండి పెట్రోలు మస్తు తాగుతాందంటే, బంకోడు కిరసనాయిలు కలుపుతున్నడంటివి గదనే?"

భిక్షపతి తల వంచుకున్నాడు. "మొదటి మారుతులల్ల వచ్చిన జపాన్ మాలు గిప్పుడు యాడ దొరుకుతది? ఆశపడ్డ. నీది నా బండికి ఏసుకొని, నీ దాంట్ల ఇక్కడిది ఏసిన."

"మరి గీ దట్టీ ఇప్పి పారేస్తే దొరకకపోదువు గద!"

"అమ్మో! పీర్ల దట్టీ ఇప్పితే నా ఇల్లు ఆగమైతది."

జాఫర్ మెల్లగా ముడి విప్పి, పేలికను కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

"మాలు నువ్వే ఉంచుకో భిక్షపతీ. నువ్వు భయపడ్డది దీనికొక్కదానికే. ఇగ గా భయం గూడ లేదు."