గాజుగిన్నె ముచ్చట

"ఇయ్యాల సూదికి పోయేది లేదు" అంటూ కొమురయ్య తన భార్య కౌసల్య చేతిలోని ఆస్పత్రి ఫైలు లాక్కున్నాడు.

ఆమెకు రొమ్ము క్యాన్సర్. ఇంకా రెండు కీమోలు మిగిలాయి.

"విటమిన్ డి ఏసుకుంటే క్యాన్సర్ కణం పెరగదంట. నీ బిడ్డనే చెప్పింది."

పటాన్‌చెరు ల్యాబులో పనిచేసే కూతురు తనుశ్రీ తలెత్తింది. "నేను చెప్పింది గాజుగిన్నెల పెంచిన కణాల ముచ్చట, నాయినా. పెరగమనే కబురు అందుకునే రిసెప్టర్లు వాటి మీద జెర తగ్గినయి. అమ్మ ఒంట్ల గూడ గట్లనే అయితదని ఇంకా ఎవరూ తేల్చలే. డాక్టరిచ్చిన విటమిన్ ఏసుకుంటది, సూదీ తీసుకుంటది."

"నీకేం, ల్యాబుకు పోతవు. సూది పడ్డంక నాలుగు దినాలు ఆమె కక్కుతుంటే సూసేది నేను." ఆయన ఫైలును గుండెకు హత్తుకున్నాడు.

ఇన్నాళ్లూ తను మొండితనం అనుకున్నది భయమని కౌసల్యకు అప్పుడర్థమైంది. అయినా లేచి చెప్పులేసుకుంది.

"కక్కేది నేను. పోవాల్నో వద్దో చెప్పేది గూడ నేనే. భయమైతే నా పక్కన కూసో, గంతే గని నన్ను ఆపకు."

కొమురయ్య ఫైలు ఆమె చేతికిచ్చి, ఆటో కోసం కర్దనూర్ రోడ్డు మీదికి నడిచాడు.