మూడు గట్లు, ఒక గండి

ముళ్ళపంది అచ్చమ్మ వీపునిండా నేరేడుపళ్ళు గుచ్చుకుని బయలుదేరినా, చిలగడదుంపల చేను చేరేసరికి ముళ్ళు తప్ప ఏమీ మిగిలేవి కావు. దారిలో మూడు గట్లున్నాయి. పీత, కుందేలు, ముంగిస తలా ఒక గట్టెక్కి, సుంకమంటూ పళ్ళు పీక్కునేవి. సుంకం కూడా నశ్యం లాంటిదే, మరిగినవాళ్ళు మానలేరు. చేలో పళ్ళిచ్చి మార్చుకుంటేగాని దుంపలు రావు, దుంపలు లేకపోతే అచ్చమ్మ పిల్లలకు పస్తే.

చివరికి కుందేలు వేరుశనక్కాయలకు కూడా ముంగిస గట్టు దగ్గర అదే గతి పట్టింది. దాంతో ఒకరి సుంకం ఒకరికి తగులుతోందని ముగ్గురూ కూడబలుక్కుని సుంకాలు ఎత్తేశారు. ఆ రోజు అచ్చమ్మ సంబరం చూడాలి! పళ్ళతో పరుగెత్తింది, దుంపలతో గెంతుతూ తిరిగొచ్చింది.

ఇంతలో వాన దంచికొట్టింది. పీత గట్టుకు గండి పడి దారి తెగిపోయింది.

“పీత గట్టు, పీత తంటా,” అంది కుందేలు.

“సుంకం పళ్ళు చీమలకు కూలిగా పెట్టి గట్టు బాగుచేయించేవాణ్ణి. ఇప్పుడేం పెట్టను?” అని పీత ఏడ్చింది.

అచ్చమ్మకు కుందేలు మీద ఒళ్ళు మండింది. “దారి అందరిదీ అయ్యాక గండి ఒక్కడిదెలా అవుతుంది బావా? పట్టు మట్టి!”

“నాకేం పట్టింది?” అని కుందేలు అంటూండగానే నీళ్ళు దాని బొరియలోకి దూరాయి. అంతే! అందరికంటే ముందు కుందేలే ఉరికింది. ఆ కంగారులో తన గట్టునే తవ్వి మట్టి మోసుకొస్తోంది.

అచ్చమ్మ గావుకేక పెట్టింది. “ఆగు బావా, ఆగు! ఆ గట్టు కూడా మనదే!”