నీడ వైపు సీటు

"అమ్మా, కాస్త ఇటు జరుగుతావా? ఆ నీడ వైపు నేను కూర్చుంటాను."

సాయిసుధ చిరాగ్గా తలెత్తింది. ఢిల్లీలో మునిర్కా మెట్రో దగ్గర షేరింగ్ ఈ-రిక్షా ఎక్కి, అమ్మతో ఫోన్లో మాట్లాడి అప్పుడే పెట్టేసింది. అది విన్నట్టుంది, పక్కావిడ తెలుగులోనే అడిగింది.

మే నెల ఎండలో ఆవిడ చేతులకు గ్లౌజులు, కళ్లకు నల్లద్దాలు, మొహమంతా దుపట్టా. సుధకు నవ్వొచ్చింది.

"కాస్త ఎండ తగిలితే కరిగిపోతారా ఏంటి ఆంటీ?" అంటూనే జరిగింది.

ఆవిడ ఏమీ అనుకోలేదు. "చదువుకుంటున్నావా?"

"పీహెచ్‌డీ. డీఎన్‌ఏ మీద."

"అచ్ఛా! దాంట్లో ఏంటి?"

ఆ మాట అడిగితే చాలు, సుధను ఆపడం ఎవరి తరమూ కాదు.

"మన ప్రతి కణంలోనూ డీఎన్‌ఏకి రోజూ వేల దెబ్బలు తగులుతాయాంటీ. ఎండ పడితే డీఎన్‌ఏ రాతలో పక్కపక్కనున్న అక్షరాలు అతుక్కుపోతాయి. కణం ఊరుకోదు. ఆ ముక్క కత్తిరించేసి, దానికి జతగా ఉన్న ఎదుటి పోగును చూసుకుంటూ కొత్త ముక్క అల్లేసుకుంటుంది. మనకి తెలియను కూడా తెలియదు!"

"అల్లుకోలేకపోతే?"

"తప్పులు పేరుకుని క్యాన్సర్లు. కొందరు ఆ శక్తి లేకుండానే పుడతారు, పాపం. అలాంటి ఒక పేషెంటు చర్మకణాల మీదే నా పని. వాటికి లేని జీన్ వాటిలో పెట్టాం. బాగుచేసుకుంటాయో లేదో ఇవాళ తెలుస్తుంది. లేకపోతే ఇన్నేళ్ల కష్టం గంగలో కలిసినట్టే."

ఆవిడ సుధ వైపు పూర్తిగా తిరిగింది.

"ఒక్కసారి నాకు చూపిస్తావా?"

"ఇవాళ ఊపిరి సలపని పనాంటీ. ఇంకోసారి రండి."

"ఠీక్ హై. జాగ్రత్తగా చేసుకో తల్లీ."

ల్యాబు గేటు దగ్గర సుధ దిగి పరుగెత్తింది. ఆవిడ దిగలేదు.

ఆ మధ్యాహ్నం చీకటి గదిలో సుధ మైక్రోస్కోపు ముందు కూర్చుంది. దెబ్బ తిన్న చోటల్లా కణాల్లో ఎర్రటి చుక్కలు వెలుగుతున్నాయి. చూస్తుండగా ఒకటి ఆరిపోయింది. తర్వాత ఇంకొకటి.

కంటికి ఆనని ఆ కాస్త ప్రాణం ఎవరూ చెప్పకుండానే తన గాయాన్ని తాను కుట్టుకుంటోంది. సుధ తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

మళ్లీ మళ్లీ చేసి చూశారు. వానలు మొదలయ్యేసరికి అనుమానం లేకుండా పోయింది.

గైడ్ ఇంద్రాణి మేడమ్ ఫోన్ కలిపి సుధ చేతికిచ్చింది. "కణాలిచ్చిన వాళ్ల పేరు మనం ఎవరికీ చెప్పం. కానీ ఫలితం వస్తే మొదట తనకే చెప్పాలని ఆవిడ నా దగ్గర మాట తీసుకుంది. మీ తెలుగువాళ్లే, నువ్వే చెప్పు."

అవతల ఎవరో మగగొంతు. సుధ గబగబా అంతా చెప్పేసింది.

"నేను ఆవిడ తమ్ముణ్ణండి, ఉదయ్‌కిరణ్‌ని. అక్క పోయిన నెల పోయింది."

"అయ్యో! ఒక్కసారైనా చూడకుండానే..."

"మే నెల ఎండల్లోనే ఒళ్లంతా కప్పుకుని మీ ల్యాబుకి బయల్దేరిందండీ. గేటు దాకా వచ్చి తిరిగొచ్చేసింది."

"లోపలికి ఎందుకు రాలేదు?"

"'నా కణాల్ని అంత ప్రేమగా చూసుకునే అమ్మాయిని రిక్షాలో చూశానురా, నాకది చాలు' అందండీ."