జంట ఉంగరం

“ఉంగరం నొక్కవే, ఆ రాక్షసి చంపేస్తోంది!” అని అరిచాను. కంప్యూటర్ ఆటలోనైనా సరే, మా అమ్మాయి బొమ్మకి దెబ్బ తగిలితే నా గుండె గుభేలుమంటుంది.

“నొక్కనమ్మా.”

“నొక్కితే మాయమైపోయి బయటపడతానన్నావుగా!”

“మాయమై నాన్న పక్కన తేలతానన్నా. రెండో ఉంగరం నాన్న బొమ్మ వేలికుంది. ఇప్పుడు నొక్కితే ‘మీ జంట లేరు’ అని వస్తుంది.”

తెర మీద దాని బొమ్మ కుప్పకూలింది.

“పోనీలే, మళ్ళీ మొదటి ఊరి నుంచి నడుస్తా. నీకివన్నీ అర్థం కావులే,” అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన గడప దాటితే చాలు, ‘ఎక్కడున్నారు’ అంటూ ఫోన్లు చేసి ప్రాణాలు తోడేసేదాన్ని. ఆయన పోయాక ఒక్కసారి కూడా ఆ నంబరు నొక్కలేదు. అవతల ఏం వినిపిస్తుందో నాకు తెలుసు.

“నడువమ్మా,” అన్నాను, దాని పక్కన కూర్చుంటూ. “ఎక్కడిదాకా వచ్చావో చెబుతూ ఉండు.”