సెన్సర్ వద్దన్నా

"డైరెక్ట్ ఇచ్చేయప్పా. సెన్సర్ గొడవ నాకొద్దు!" అని కసిరాడు మునికుమార్.

వెంకటగిరికోట మెకానిక్ మారప్ప బానెట్ కింది నుంచి తలెత్తాడు. "వద్దప్పా. ఏసీ పైపులో గ్యాస్ ప్రెజర్ ఎంతుండాదో సూసి చెప్పేది ఈ సెన్సరే. మరీ తగ్గినా, మరీ పెరిగినా కంప్రెసర్ తిరక్కుండా ఆపేస్తాది. నీది చెడిపోయింది. గ్యాస్ సరిగ్గా ఉన్నా లేదని చెప్తాండాది. రేపు కొత్తది తెప్పిస్తా."

"రేపటికి ఇవి బతకవు."

వెనక సీటు నిండా ట్రేలు. కుప్పంలో చాకీ కేంద్రం వాళ్లు పెంచి అమ్మిన పట్టుపురుగు పిల్లలు. ఎప్పుడూ తెల్లారకముందే తెచ్చుకునేవాడు. పోయిన వారం పాత కారు కొన్నాడు కదా, ఏసీ ఉందన్న ధీమాతో మిట్టమధ్యాహ్నం బయల్దేరాడు. ఇప్పుడా ధీమా తలుచుకుంటే తన చెంప తానే పగలగొట్టుకోవాలనిపించింది. అద్దాలన్నీ దించినా లోపల ఉడికిపోతోంది. మదనపల్లెలో ఇంటికి ఇంకా రెండు గంటల దూరం. ఇవి పోతే నెలన్నరగా నీళ్లు కట్టి పెంచిన మల్బరీ ఆకంతా దండగే.

మారప్ప పురుగుల వైపు చూశాడు. మనసొప్పకపోయినా కంప్రెసర్‌కు నేరుగా వైరు కలిపాడు.

"కంప్రెసర్ పోతే నన్ననొద్దు."

చల్లగాలి బుస్సుమని వచ్చింది. మునికుమార్ అద్దాలన్నీ బిగించి, గాలిని పూర్తిగా పెంచాడు. కంప్రెసర్ ఎక్కడ పట్టేస్తుందోనని పుంగనూరు దాటేదాకా చెవులు రిక్కించుకునే ఉన్నాడు. ఏమీ కాలేదు. పాపం, మారప్పను అంతలా కసిరి ఉండకూడదనుకున్నాడు.

ఇల్లు చేరాక భార్య అనిత మొదటి ట్రే మీది కాగితం తీసింది. పురుగులు పచ్చగా కక్కుకుని, మెలికలు తిరిగి పడున్నాయి. రెండో ట్రే కూడా అంతే. మూడోదీ అంతే.

మునికుమార్ నేల మీద కూలబడ్డాడు. "ఆయప్ప వద్దంటాంటే వినకపోతిని. సెన్సర్ ఏసీని ఆపినప్పుడే ఊరుకోవాల్సింది. చలి ఎక్కువై సచ్చిపోయినాయి. నేనే సంపుకుంటి!"

అనిత కారు తలుపు తెరిచి లోపలికి వంగింది. లోపలి గాలి వాసన చూసింది.

"చలి కాదయ్యా," అంది. "వాసన పడక సస్తాయని పురుగులింట్లో నన్ను ఊదుబత్తి కూడా ముట్టించనీవే, ఏసీ గాలొచ్చే కాడ ఈ సెంటు సీసా యాల తగిలించినావు?"