రివీల్ బాబాయి

"టీచరమ్మా, రివీల్ ఇంకోసారి చెప్పరూ?"

క్లాసు గొల్లుమంది. వెనక బెంచీ పెద్దాయన ఆ రోజు కూడా అదే మాట అడిగాడు.

బట్టల కొట్టు మేడ మీద ఒకటే గది. ఆ ఫ్యాక్టరీ పేట మొత్తానికి స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే చోటు అదొక్కటే.

టీచరమ్మ రోజుకో క్రియ చెప్పేది. అర్థం చెప్పి, వాడుకలు బోర్డు మీద రాసి, ఎవరికి వాళ్ళు తమ బతుకులోంచి ఒక నిజమైన వాక్యం చెప్పాలనేది. అబద్ధంతో భాష అబ్బదని ఆమె నమ్మకం.

రివీల్ అంటే దాచినదాన్ని బయటపెట్టడం. రహస్యం విప్పడం. కప్పి ఉంచినదాన్ని తీసి చూపించడం. పరీక్షలో రోగం బయటపడినా, విచారణలో నిజం బయటపడినా అదే మాట.

నర్సు తన అసలు వయసు బయటపెట్టింది. పెళ్ళయ్యేదాకా బట్టతలను టోపీ కింద దాచిన సంగతి డ్రైవరు బయటపెట్టాడు.

అదే రోజు కొత్తగా చేరిన పెద్దాయన వంతు వచ్చింది. పొడుగు చేతుల చొక్కాలోకి వేళ్ళు కూడా లాక్కుని నిలబడ్డాడు. "హీ... రివీల్..." అని ఆగిపోయాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. క్లాసు వేరే క్రియల్లోకి వెళ్ళిపోయినా ఆయన అక్కడే ఉండిపోయాడు. డ్రైవరు ఊరుకుంటాడా? రివీల్ బాబాయి అని పేరు పెట్టేశాడు.

ఈ ఒక్క మాటే ఎందుకండీ అని టీచరమ్మ అడిగింది. ఒకచోట మాట్లాడాలి, దానికి కావాల్సింది ఈ మాటేనన్నాడు. ఎక్కడని అడిగితే, అప్పుడే ఎవరికీ చెప్పొద్దన్నారమ్మా అని తల దించుకున్నాడు.

ఇంకోరోజు ఆయనే అడిగాడు.

"మీరూ ఒక వాక్యం చెప్పండి టీచరమ్మా. మీ సొంతది. విని పట్టుకుంటాను."

ఆమె గబగబా పుస్తకం తిరగేసింది. గారడీవాడు పెట్టెలో ఉన్నది బయటపెట్టాడని పుస్తకంలో వాక్యం చదివేసి గండం గట్టెక్కింది.

ఆమె సొంత వాక్యం వేరే ఉంది.

ఫ్యాక్టరీలో బాయిలరు పేలింది. పోయినవాళ్ళలో ఆమె నాన్న కూడా ఉన్నాడు. బాయిలరు నడిపింది ఆయనే. ఆయన నిద్రపోబట్టే పేలిందని కంపెనీ తేల్చేసింది. చచ్చినవాడు లేచొచ్చి కాదంటాడా? నిప్పు లేనిదే పొగ రాదని వీధి వీధంతా నమ్మింది. అమ్మ కిటికీలు తెరవడం మానేసింది.

ముందు బెంచీ నర్సు తమ్ముడు కూడా ఆ పేలుడులోనే పోయాడు. తను ఎవరి కూతురో తెలిస్తే ఆ గదిలో బెంచీలు తప్ప మనుషులు మిగలరు. అందుకే ఊరి అవతలి నుంచి వచ్చి, పాఠం చెప్పి, తల వంచుకుని వెళ్ళిపోయేది.

ఇంకొక్క ఆశ మిగిలింది. ఫ్యాక్టరీ యజమానులు వేరే దేశంవాళ్ళు. వాళ్ళ అధికారులు వచ్చి విచారణ చేస్తున్నారు. మరునాడే ఆఖరు. నాన్న తప్పు లేదని ఒక్కరైనా అనకపోతారా అని ఆమె కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది.

ఆ సాయంత్రం క్లాసయ్యాక అందరూ మెట్లు దిగిపోయారు. పెద్దాయన గుమ్మం దగ్గర ఆగాడు.

"ఒక్క వాక్యం కావాలమ్మా. రేపటికే. ఒకాయన ఉండేవాడు, ఆయన ముందే..."

ఆమె మనసు ఇంటి దగ్గరుంది. అమ్మ పొద్దుటి నుంచి ముద్ద ముట్టలేదు. పైగా ఈయన నత్తనడకకి క్లాసంతా విసుక్కుంటోంది.

"వచ్చే నెల కొత్త బ్యాచ్‌లో చేరండి. మొదటినుంచీ చెబుతాను."

"వచ్చే నెలకి ఇక అక్కర్లేదమ్మా" అన్నాడు మెల్లగా.

ఆమె తాళం వేసింది. అంత నిటారు మెట్లు ఆయన కమ్మీ పట్టుకోకుండా, గోడకి భుజం ఆనించి దిగుతున్నాడు. ఆమె చూసింది గాని పట్టించుకోలేదు.

విచారణ ముగిసింది. తప్పంతా బాయిలరు నడిపినవాడిదే అన్నారు. అమ్మ ఏడవనైనా ఏడవకుండా గోడవైపు తిరిగి పడుకుంది. టీచరమ్మ ముఖం కడుక్కుని క్లాసుకి వచ్చింది. ఆ ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది.

ఆ అధికారుల్ని కారులో తిప్పింది మన డ్రైవరే. రోజూ జోకులేసేవాడు ఆ రోజు ఎందుకో నవ్వలేదు.

"మన రివీల్ బాబాయి అక్కడికొచ్చాడు మేడం. సాక్షిగా."

ఆయన ముందోసారి కూడా సాక్ష్యం చెప్పాడట. బాయిలరు నడిపే మనిషి రెప్ప వాల్చలేదని ఈయనంటే, నిద్రపోయాడని కంపెనీ దుబాసీ ఇంగ్లీషులో చెప్పాడట. ఆ సంగతి ఈయనకి తర్వాత తెలిసిందట. మొన్న దుబాసీ వద్దు, నేనే చెప్పుకుంటానని పట్టుబట్టాడు. సరే చెప్పమన్నారు. హీ రివీల్, హీ రివీల్ అన్నాడు. ఆపైన నోరు పెగల్లేదు. అధికారులు ముఖాలు చూసుకుని కూర్చోమన్నారు.

టీచరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"ఇప్పుడెక్కడున్నారు ఆయన?"

"నిన్ననే బస్సెక్కించాను మేడం. ఏ ఊరో చెప్పలేదు. దారిలో మాత్రం మన భాషలో అంతా చెప్పాడు."

నర్సు వెనక్కి తిరిగి, ఏం చెప్పాడని అడిగింది.

బాయిలరులో లోపం ఉందని దాన్ని నడిపే మనిషి ముందే బయటపెట్టాడట. ఆపొద్దన్నది పైవాళ్ళట. ఆఖరికి పక్కనున్న పనివాణ్ణి తలుపు బయటికి నెట్టేసి, దాన్ని ఆపడానికి తను లోపలే ఉండిపోయాడట.

"ఆ పనివాడే మన బాబాయి మేడం. రెండు చేతులూ కాలి బయటపడ్డాడు."

డ్రైవరు ఖాళీగా ఉన్న వెనక బెంచీ వైపు చూశాడు.

"ఆ మహానుభావుడికో కూతురుందట, ఇంగ్లీషు బాగా వచ్చట, ఆవిడెక్కడుందో తెలిసుంటే ఈ నాలుగు ముక్కలూ ఆవిడ చేతే చెప్పించేవాణ్ణని బస్సు కదిలేదాకా అదే మాట మేడం."