చివరి పేజీ

మా కార్ల పత్రిక మొదటి సంచిక నుంచీ పాఠకులు ముందుగా తిప్పేది చివరి పేజీయే. అక్కడ ‘వెనకసీటు’ అనే కలంపేరుతో ఒకరు కొత్త కార్లను ఉతికి ఆరేస్తారు.

ఒకరోజు ఓ కార్ల కంపెనీ యజమాని రుసరుసలాడుతూ వచ్చి సంపాదకుణ్ణయిన నా ఎదుట కూలబడ్డాడు. ఆయన ప్రకటనలు ఆగితే పత్రిక మూతపడుతుంది.

"ఇన్నేళ్ళూ ఓర్చుకున్నాను. మా కారెక్కితే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయా? దిగాలంటే ఇద్దరు పట్టుకుని లాగాలా? ఎవడయ్యా వాడు? వాణ్ణి తీసేస్తావా, నన్ను ప్రకటనలు ఆపెయ్యమంటావా?"

"నావల్ల కాదు సార్. మీరే చెప్పండి" అని ‘వెనకసీటు’ నంబరు కలిపి ఫోను ఆయన చేతికిచ్చాను.

"ఏమయ్యా, అసలెప్పుడైనా మా కారెక్కిన మొహమేనా నీది?" అని అరిచాడు.

అవతలి గొంతు నాకూ వినిపించింది.

"రోజూ ఎక్కుతూనే ఉన్నాగా నాయనా. ముందు సీట్లో కూర్చున్నవాడివి, వెనక్కి తిరిగి చూస్తేగా!"

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వా? ఇంట్లో నాతో చెప్పచ్చుగా!"

"చెప్తూనే ఉన్నాను. పత్రికలో పడితేగానీ పరుగెత్తుకు రాలేదు నువ్వు."